సీనాయి కొండ, పెట్రా లోయ: నీళ్లు తక్కువైతే ఒక ప్రమాదం, ఎక్కువైతే మరొకటి



మన ఓ.పి.కి వచ్చేవారిలో కొందరు బి.పి. చూపించుకున్న తర్వాత మెల్లగా అడుగుతారు, "సిస్టర్ గారూ, పరిశుద్ధ దేశానికి టూరు వెళ్లాలని ఉంది, నాకు అరవై దాటాయి, వెళ్లవచ్చునా?" అని. 2023 అక్టోబరులో అక్కడ యుద్ధం మొదలైన తర్వాత చాలా టూర్లు రద్దయ్యాయి. అయినా అడిగేవారు తగ్గలేదు. ఎప్పుడు వెళ్లాలో, ఎటు వెళ్లాలో నేను చెప్పలేను, అది టూరు వారు, ప్రభుత్వం చెప్పవలసిన మాట. వెళ్లేవారి శరీరం ఆ కొండలకు, ఆ ఎడారి లోయలకు ఎలా సిద్ధపడాలో మాత్రం చెప్పగలను. ఎందుకంటే 2018 అక్టోబరులో మా నర్సింగ్ స్కూలు స్నేహితురాళ్లం అయిదుగురం కలిసి వెళ్లాము. మాలో ఒకరిని దాదాపు పోగొట్టుకున్నాము. అందులో నా తప్పు ఉంది కాబట్టి ఇది రాస్తున్నాను.

అయిదుగురిలో నలుగురం ఒకే బ్యాచ్. అయిదవ ఆమె మాకు రెండేళ్లు సీనియర్, హాస్టల్ రోజుల నుండి మాకు ఆమె "పెద్దక్క". అప్పటికి అక్కకు 56 ఏళ్లు, బి.పి.కి రోజూ మాత్ర వేసుకునేవారు. ఆ మాత్రలో హైడ్రోక్లోరోథయజైడ్ కలిసి ఉంది. దీనినే మనవాళ్లు "నీళ్ల మాత్ర" అంటారు, మూత్రం ద్వారా ఉప్పును, నీటిని బయటకు పంపుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

సీనాయి కొండ మీద

మోషే కొండ అని పిలిచే జెబెల్ మూసా ఎత్తు 2,285 మీటర్లు. కొండ కింద సెయింట్ కేథరిన్ మఠం ఉన్నది, ఆరవ శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి కాలంలో కట్టినది. అక్కడే సుమారు 1,550 మీటర్ల ఎత్తు ఉంటుంది. సూర్యోదయానికి శిఖరం చేరాలని యాత్రికులు అర్ధరాత్రి దాటాక ఒంటిగంట, రెండు గంటలకు బయలుదేరతారు. ఒంటెలు నడిచే దారిలో రెండున్నర, మూడు గంటల నడక. ఆ దారి అయిపోయాక చివరన దాదాపు 750 రాతి మెట్లు. మెట్ల దారినే మొదటి నుండి ఎక్కేవారికి మొత్తం 3,750 మెట్లు అంటారు. మేము ఒంటెల దారినే వెళ్లాము, చేతిలో టార్చిలైట్లు, ముందు బెదూయిన్ గైడు.

ఎడారి అంటే మనం ఎండే అనుకుంటాము. ఆ రాత్రి చలికి మా పళ్లు టకటకలాడాయి. వెయ్యి మీటర్లు పైకి పోతే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది, పైగా ఎడారి గాలిలో తేమ ఉండదు గనుక పగటి వేడి రాత్రి నిలవదు. శిఖరం మీద గాలిలో ప్రాణవాయువు సముద్రమట్టంతో పోలిస్తే నాలుగింట మూడు వంతులే. ఆరోగ్యవంతులకు దీనివలన కొంచెం ఆయాసం, ఒక్కొక్కరికి తలనొప్పి తప్ప పెద్ద ఇబ్బంది ఉండదు. గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవారు మాత్రం ముందే డాక్టరు గారికి చూపించుకోవాలి.

అక్క నీళ్లు తాగలేదు. కారణం మీరు ఊహించవచ్చు. ఆడవాళ్లం కదా, బస్సు ప్రయాణం అనగానే ముందురోజు సాయంత్రం నుండే నీళ్లు మానేస్తాము. దారిలో బాత్రూము ఉంటుందో ఉండదో, ఉన్నా వెళ్లేలా ఉంటుందో ఉండదో. నైట్ డ్యూటీలలో మనకు పట్టిన అలవాటే ఇది. చలిలో దాహం కూడా వేయదు. కాని పొడిగాలిలో ఎక్కుతూ రొప్పుతున్నప్పుడు ఊపిరితోనే నీరు పోతుంది, చెమట పట్టిన వెంటనే ఆవిరైపోతుంది గనుక చెమటే పట్టలేదనుకుంటాము. దానిపైన నీళ్ల మాత్ర. టీ కొట్టు దగ్గర బల్ల మీద నుండి లేచి నిలబడగానే అక్క కళ్లు తిరిగి పడిపోయారు.

నాడి 112, బి.పి. 90. (మేము అయిదుగురం నర్సులం, బి.పి. మిషను లేకుండా కదులుతామా!) పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టాము. ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు లీటరు నీళ్లలో కలిపి గుటక గుటకగా తాగించాము. ముప్పావు గంటలో తేరుకున్నారు. చివరి మెట్లు ఎక్కవద్దని చెప్పి ఒకరిని తోడు ఉంచి మిగిలిన ముగ్గురం పైకి వెళ్లాము. శిఖరం మీద చిన్న చర్చి, చిన్న మసీదు పక్కపక్కన ఉంటాయి. సూర్యుడు వచ్చేటప్పటికి చుట్టూ ఉన్న బోడికొండలన్నీ ఇటుకరంగుకు తిరిగాయి. ఎవరమూ మాట్లాడలేదు. ఏలీయా హోరేబుకు బయలుదేరే ముందు దూత ఆయనకు పెట్టినది రొట్టె, నీళ్లు, మధ్యలో నిద్ర అన్న మాట నాకు అక్కడ జ్ఞాపకం వచ్చింది. యాత్రికుడికి ఏమి కావాలో ఆ దూతకు తెలుసు. మేము మూడింటిలో ఒక్కటీ సరిగా చేయలేదు.

దిగిన తర్వాత బస్సులో అక్కను గట్టిగా మందలించాను. వయసులో పెద్దవారైనా వార్డులో పేషంటును కోప్పడినట్టే కోప్పడ్డాను. "అక్కా, ఇకనుండి గంటకో సీసా తాగాల్సిందే, నేను లెక్కపెడతాను" అన్నాను. ఆమె నవ్వి సరే అన్నారు. నీటితో పాటు ఉప్పు, ఆహారం అనే మాట నేను చెప్పలేదు.

పెట్రా లోయలో

నువైబా నుండి ఓడలో అకబా దాటి జోర్దాను చేరాము. సీనాయి తర్వాత మూడవ రోజు పెట్రా. ఆ పట్టణంలోకి సీక్ అనే ఇరుకు లోయగుండా నడిచి వెళ్లాలి. సుమారు 1.2 కిలోమీటర్లు, రెండువైపులా ఇసుకరాతి గోడలు, ఇరుకైన చోట మూడు మీటర్ల వెడల్పు మాత్రమే. అది దాటగానే ఎదురుగా ఖజానా అని పిలిచే ఆ గులాబిరంగు కట్టడం. ఇంకా లోపలికి వెళ్లి అద్‌దైర్ చూడాలంటే కొండ కోసి చెక్కిన 800కు పైగా మెట్లు ఎక్కాలి. వెళ్లి రావడం మొత్తం చూసుకుంటే పూట నడక.

ఎండ మన రెంటచింతల మే నెల ఎండ కాదు, చల్లని గాలి కూడా వీస్తోంది. అక్కకు హోటలు టిఫిను నచ్చక ఎండురొట్టె ముక్క ఒకటి తిని వచ్చారు. కాని మాట నిలబెట్టుకున్నారు. ఉదయం ఎనిమిది నుండి ఒంటిగంట లోపల అర లీటరు సీసాలు తొమ్మిది తాగారు. అంటే నాలుగున్నర లీటర్ల ఉత్త నీళ్లు.

అద్‌దైర్ మెట్ల కింద నీడన కూర్చున్నారు. తలనొప్పి అన్నారు. కాసేపటికి వాంతి. నేను దగ్గరకు వెళ్లి పలకరిస్తే నన్ను తన కూతురి పేరుతో పిలిచారు. వడదెబ్బ అని నా మనసు వెంటనే అనేసింది. ముప్పై ఏళ్ల సర్వీసులో చూసినవన్నీ వడదెబ్బలే. నీళ్లు సరిపోలేదనుకుని మరో అర సీసా బలవంతంగా తాగించాను.

అప్పుడు కువైట్‌లో ఐ.సి.యు.లో పనిచేసే మా బ్యాచ్‌మేట్ నా చేతిలో సీసా లాగేసుకుంది. "ఒసే, ఆపవే. నుదురు పట్టుకుని చూడు, వేడి ఉందా? ఆ ఉంగరం చూడు" అంది. నుదురు చల్లగా ఉంది. నాలుక తడిగా ఉంది. వేలి ఉంగరం చర్మంలోకి దిగిపోయి కదలడం లేదు, కనురెప్పలు ఉబ్బాయి. నీళ్లు తక్కువైన మనిషి అలా ఉండదు. గుర్రపు బండి మీద సీక్ దాటించి, అక్కడినుండి కారులో దగ్గరి ఊరి ఆసుపత్రికి చేర్చాము. రక్తపరీక్షలో సోడియం 119 వచ్చింది. ఉండవలసినది 135 నుండి 145.

నా చేతిలో ఉన్న ఆ అర సీసా ఇప్పటికీ నా కళ్లముందు ఉంటుంది.

లోపల ఏమి జరిగింది

ఒక గిన్నె చారు కాచి సరిగా ఉప్పు వేశారనుకోండి. అందులో నాలుగు గ్లాసుల నీళ్లు పోస్తే ఉప్పు ఎక్కడికీ పోలేదు, అయినా చారు చప్పబడుతుంది. రక్తంలో సోడియం తగ్గడం ముఖ్యంగా ఇలాగే. మామూలు రోజున ఎక్కువైన నీటిని కిడ్నీలు బయటకు పంపేస్తాయి. కాని ఎక్కువసేపు నడిచినప్పుడు, వికారం ఉన్నప్పుడు, ఒత్తిడిలో ఉన్నప్పుడు మెదడు నుండి ఒక హార్మోను విడుదలై నీటిని ఆపివేయమని కిడ్నీలకు చెబుతుంది. నీళ్ల మాత్ర వేసుకునేవారిలో ఇంకొక చిక్కు, ఆ మాత్ర ఉప్పును బయటకు పంపుతూ, ఉప్పులేని పలచటి మూత్రం తయారుచేసే శక్తిని కిడ్నీలకు తగ్గిస్తుంది. అందువలన తాగిన నీరు ఒంట్లోనే ఉండిపోతుంది. రక్తం పలచబడితే నీరు కణాల లోపలికి పోయి అవి ఉబ్బుతాయి. చెయ్యి ఉబ్బితే ఉంగరం బిగుస్తుంది, అంతే. మెదడు ఉబ్బితే పుర్రె సాగదు కదా. తలనొప్పి, వాంతి, మాట తడబడటం, ఫిట్స్, ఇంకా ముదిరితే ఊపిరి ఆగడం.

అక్కకు 3 శాతం సెలైను కొద్దికొద్దిగా ఎక్కించారు. మన వార్డులలో పెట్టే మామూలు సెలైను 0.9 శాతం, ఇది దానికి మూడు రెట్లకు పైగా ఉప్పుది. మొదట ప్రాణాపాయం తప్పడానికి కొంచెం త్వరగా, తర్వాత చాలా నిదానంగా. ఒక్క రోజులో 8, 10 పాయింట్లకు మించి పెంచితే మెదడు నరాలకు కోలుకోలేని దెబ్బ తగులుతుంది. జూనియర్ సిస్టర్లు ఇది చదువుతుంటే, ఈ సెలైను డాక్టరు గారి ఆర్డరు లేకుండా, పంపు లేదా డ్రాప్ లెక్క లేకుండా ఎప్పుడూ పెట్టవద్దు.

మరునాడు ఉదయం అక్క నన్ను నా పేరుతోనే పిలిచారు. నేను వరండాలోకి వెళ్లి ఏడ్చాను.

వడదెబ్బా, నీటి ఎక్కువా?

రెండింటిలోనూ తలనొప్పి, వికారం, నీరసం, తికమక ఉంటాయి. అందుకే నేను మోసపోయాను. నీళ్లు తక్కువైనవారికి దాహం, నోరు ఎండడం, మూత్రం ముదురు పసుపు, లేస్తే కళ్లు తిరగడం. నీళ్లు ఎక్కువైనవారికి దాహం ఉండదు, నోరు తడిగా ఉంటుంది, వేళ్లు, ముఖం ఉబ్బుతాయి. ఉదయం నుండి ఎన్ని సీసాలు తాగారు, ఏమి తిన్నారు అని తోడు ఉన్నవారిని అడిగితే సగం సంగతి తెలిసిపోతుంది. నేను లెక్కపెడతానన్నాను, లెక్కే పెట్టలేదు.

అసలైన వడదెబ్బలో శరీరం కాలిపోతూ ఉంటుంది, 40 డిగ్రీలు, అంటే 104 ఫారెన్‌హీట్ దాటుతుంది, దానితోపాటు తెలివి తప్పడం లేదా పిచ్చిమాటలు. అక్కడ ఒక్క నిమిషం వృథా చేయకూడదు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటినిండా నీళ్లు పోసి విసరాలి. ఐసు దొరికితే మెడ, చంకలు, గజ్జల దగ్గర పెట్టాలి. పారాసిటమాల్ మాత్ర ఈ వేడిని తగ్గించదు, వేయకండి. తికమకగా ఉన్నవారికి నోటిద్వారా ఏదీ పట్టకండి, ఊపిరితిత్తులలోకి పోతుంది. నేను చేసిన రెండవ తప్పు అదే. ఈ జాగ్రత్త పరిశుద్ధ దేశానికి మాత్రమే కాదు. 2015 మే నెలలో మన రెండు తెలుగు రాష్ట్రాలలో వడదెబ్బకు ఎందరు పోయారో మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది.

మరి ఎంత తాగాలి? అందరికీ ఒకే లెక్క చెప్పమంటే నేనిప్పుడు చెప్పను, ఒకసారి చెప్పి చూశాను. దాహం వేసినప్పుడల్లా తాగండి. అరవై దాటినవారికి దాహం తెలియడం మందగిస్తుంది గనుక, నడుస్తున్నప్పుడు పావుగంటకోసారి రెండు మూడు గుక్కలు అలవాటు చేసుకోండి. వెచ్చని రోజున నడకలో గంటకు అర లీటరు చుట్టుపక్కల చాలామందికి సరిపోతుంది, మండుటెండలో ఇంకా కావాలి. మూత్రం లేత నిమ్మరసం రంగులో ఉంటే బాగున్నట్టు. ముఖ్యంగా తింటూ తాగండి. జంతికలు, ఉప్పు వేసిన పల్లీలు, ఆవకాయ కలిపిన అన్నం చిన్న డబ్బాలో, ఇవి మన ఇంటి మందులే. ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు నాలుగైదు సంచిలో ఉంచండి, ప్యాకెట్టు మీద ఉన్నంత నీటిలోనే మొత్తం ఒకేసారి కలపాలి. ప్యాకెట్టు లేకపోతే శుభ్రమైన లీటరు నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, తలకొట్టిన టీ చెంచాతో. ఇక బాత్రూము సంగతి. బయలుదేరే ముందే టూరు గైడును సిగ్గుపడకుండా అడగండి, ఎక్కడెక్కడ ఉన్నాయని. మేము సీనాయిలో అడగలేదు. పెట్రాలో అడిగితే చక్కగా చూపించారు.

అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రులకు ఇంకొక మాట. చాలామంది గ్రాండ్ కేనియన్ చూడడానికి వెళుతున్నారు. కొండయితే ముందు ఎక్కుతాము, అలసిపోతే వెనక్కు దిగవచ్చు. అక్కడ తలకిందులు. దక్షిణ అంచు సుమారు 2,100 మీటర్ల ఎత్తున చల్లగా ఉంటుంది, ఉత్సాహంగా దిగిపోతాము. దిగేకొద్దీ వేడి పెరిగి వేసవిలో లోయ అడుగున 40 డిగ్రీలు దాటుతుంది. అలసిపోయిన కాళ్లతో, మిట్టమధ్యాహ్నం ఎక్కవలసి వస్తుంది. ఉత్త నీళ్లు అతిగా తాగవద్దు, తింటూ తాగండి అని అక్కడి పార్కు వారు కూడా హెచ్చరిస్తారు. "అరగంట దిగి చూసొద్దాం నాన్నా" అని పిల్లలు అంటే, దిగిన సమయానికి రెండింతలు ఎక్కడానికి ఉంచుకోండి.

ఆకాశం నిర్మలంగా ఉన్నా

ఎడారి లోయలో మునిగిపోవడం అనేది మనకు నమ్మబుద్ధి కాదు. రాతినేల నీటిని పీల్చుకోదు. ఎక్కడో పదుల కిలోమీటర్ల దూరంలో వాన పడితే ఆ నీరంతా ఇరుకు లోయలలోకి గోడలా వచ్చిపడుతుంది, మన తలమీద చినుకు కూడా ఉండకపోవచ్చు. 1963లో పెట్రా సీక్‌లో ఫ్రెంచి యాత్రికులు ఇరవైమందికి పైగా ఇలాగే చనిపోయారు. మేము వెళ్లిన 2018లోనే ఏప్రిల్ 26న మృతసముద్రం దగ్గరి నహల్ త్సఫీత్ లోయలో పదిమంది ఇశ్రాయేలు యువతీయువకులు కొట్టుకుపోయారు. మేము ఇల్లు చేరిన కొద్దిరోజులకే, అక్టోబరు 25న, జోర్దాను వైపు మృతసముద్రం దగ్గర వచ్చిన వరదలో 21 మంది పోయారు, ఎక్కువమంది విహారయాత్రకు వచ్చిన బడిపిల్లలు. నవంబరు 9న పెట్రాలోనే వరద వచ్చి వేలమంది యాత్రికులను బయటకు తరలించారు. రెండు వేల ఏళ్ల క్రితం ఆ పట్టణం కట్టిన నబాతీయులకు ఈ సంగతి బాగా తెలుసు, సీక్ మొదట్లో వారు వరదను మళ్లించడానికి తొలిచిన సొరంగం ఇప్పటికీ ఉంది. గైడు వాన సూచన ఉందని ప్రయాణం మానితే డబ్బు పోయిందని గొడవపడకండి. అక్టోబరు నుండి మే వరకు ఆ ప్రాంతాలలో ఈ భయం ఉంటుంది.

కాళ్లు, మోకాళ్లు, మందులు

ఎక్కడం కష్టం, దిగడం సుఖం అనుకుంటాము. గుండెకు అది నిజమే, మోకాళ్లకు కాదు. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువు మోయాలి, దానివలన లోపల సన్నని చీలికలు పడి రెండవ రోజు నొప్పి ఎక్కువగా తెలుస్తుంది. చేతికర్ర పట్టుకోండి, చిన్న అడుగులు వేయండి. ఈ కండరాన్ని ముందుగా తయారుచేసుకోవచ్చు. మేము రెండు నెలలు లిఫ్టు మానేసి ఆసుపత్రి మెట్లు ఎక్కాము, సెలవు రోజులలో విజయవాడ గుణదల కొండ ఎక్కి దిగాము. ఎక్కడం కన్నా దిగడాన్నే లెక్కపెట్టుకున్నాము. మోకాళ్ల విషయంలో మాత్రం మేము బాగా చదువుకున్న విద్యార్థులమే.

కొత్త బూట్లతో యాత్రకు వెళ్లవద్దు. కనీసం నెలరోజులు వాడినవి కావాలి, సగం సైజు వదులుగా, ఎందుకంటే దిగేటప్పుడు వేళ్లు ముందుకు కొట్టుకుంటాయి. చర్మం చురుక్కుమన్న వెంటనే ఆగి టేపు అంటించండి. బొబ్బ వస్తే పై తోలు పీకవద్దు. షుగరు ఉన్నవారు ప్రతి రాత్రి అరికాళ్లు అద్దంలో చూసుకోవాలి, స్పర్శ తగ్గిన పాదానికి బొబ్బ తెలియదు.

ఇన్సులిన్ బస్సు డిక్కీలో పెట్టవద్దు, వేడికి చెడిపోతుంది. సీనాయి రాత్రి చలిలో గడ్డకట్టకుండా లోపలి జేబులో పెట్టుకోండి. ఎక్కువ నడిచిన రోజున షుగరు పడిపోవచ్చు, రాత్రి నిద్రలో కూడా. డాపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు వాడేవారు తిండి, నీళ్లు తగ్గినా, వాంతులైనా షుగరు మామూలుగా ఉండగానే రక్తంలో ఆమ్లం పెరిగే ప్రమాదం ఉంది. నీళ్ల మాత్రలు, మరికొన్ని బి.పి. మాత్రలు కూడా వాంతులు, విరేచనాల రోజున కిడ్నీలను దెబ్బతీయవచ్చు. వీటిలో ఏది ఆపాలి, ఏది మార్చాలి అన్నది మీ డాక్టరు గారు చెప్పాలి. మీ అంతట మీరు మానవద్దు, పక్కింటివారు మానారని అసలే మానవద్దు.

పెద్దక్క మాత్రను తిరిగి వచ్చాక డాక్టరు గారు మార్చారు. మూడు వారాలకు సోడియం 138. ఇప్పుడు ఆమె రిటైరయ్యారు, గుణదల తిరునాళ్లకు ఏటా కొండ ఎక్కుతున్నారు. సంచిలో ఒక సీసా నీళ్లు, ఒక పొట్లం జంతికలు. నేను పక్కన ఉంటే "తాగమంటావా, ఆగమంటావా?" అని అడుగుతారు.

యాత్రకు వెళ్లదలచినవారు బయలుదేరడానికి నెల ముందే మీరు వాడే మాత్రలన్నీ, చీటీలతో సహా, ఓ.పి.కి తీసుకొని రండి. బి.పి., షుగరుతో పాటు సోడియం, క్రియాటినిన్ పరీక్షలు మన ల్యాబులోనే చేస్తారు. నీళ్ల మాత్ర వాడుతున్నారో లేదో తెలియకపోతే ఆ అట్టముక్క నాకు చూపించండి, చదివి చెబుతాను.